చెదరని ఖైదీ – చెదిరిన మనసు

తెలుగులో జైలు సాహిత్యానికి నూరేళ్ళు నిండాయి. పల్నాటి పుల్లరి ఉద్యమంలో శిక్షపడిన ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవెల్లూరు జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాసిన 1922 నుంచి లెక్కపెట్టుకుందాం. నిజాం జైళ్ళలో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి. ఎమర్జెన్సీ జైళ్ళలో విప్లవ రచయితలు. 1985-89 మధ్య నిర్బంధంలో వరవరరావు. నిన్నమొన్న నాగపూర్ జైల్లో జి.ఎన్. సాయిబాబా. ఈ వరస ఏ భారతీయ భాషా సాహిత్యానికీ తీసిపోదు. ఈ రచనలను మనం గౌరవంగా చదివాం. పిల్లలకు పాఠాలు చెప్పాం. సభల్లో తలుచుకున్నాం. అయితే గౌరవం విమర్శకు ప్రత్యామ్నాయం కాదు. జైలు సాహిత్యం దగ్గరకు వచ్చేసరికి మన విమర్శ చేతులు కట్టుకుని నిలబడింది. నిర్బంధాన్ని అనుభవించిన వాడు రాసిన దానిలో లోపం వెతకడం అపచారమని అనుకున్నాం.

నేను వేయదలుచుకున్న ప్రశ్న ఒక్కటే. జైలు, అందులోనూ ఒంటరి కొట్టు, మనిషి మనసును ఏం చేస్తుందో ఈ నూరేళ్ళ సాహిత్యం మనకు చెప్పిందా? చెప్పవలసినంత చెప్పలేదని నా అభిప్రాయం. దానికి కారణం రచయితల అశక్తత కాదు. మన సాహిత్యోద్యమం, మన విమర్శ కలిసి వారి ముందు నిలబెట్టిన ఆదర్శమూర్తి ఒకడున్నాడు. అతడే చెదరని ఖైదీ. ఆ మూర్తి నీడలో చెదిరిన మనసులు కనిపించకుండా పోయాయి.

మొదట మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషులో సాలిటరీ కన్ఫైన్‌మెంట్ అనే దానికి మన పత్రికలూ, న్యాయ నిఘంటువులూ ఇచ్చిన మాట ‘ఏకాంతవాసం’. తెలుగువాడికి ఏకాంతం అంటే ఏమిటి? గుళ్ళో స్వామికి రాత్రిపూట జరిగేది ఏకాంతసేవ. ప్రేమికులు కోరుకునేది ఏకాంతం. మునులు అడవులకు పోయి వెతికేది ఏకాంతం. కవి కలవరించేదీ అదే. మన భాషలో ఏకాంతం వరమే గాని శిక్ష కాదు. మనిషిని ఆరడుగుల కొట్లో పెట్టి, రోజుకు ఇరవైరెండు ఇరవైమూడు గంటలు మరో మనిషి ముఖం చూడనివ్వకుండా చేసే హింసకు ఈ పేరు పెట్టడం మాటతో చేసిన అపచారం. జనం మాట ‘ఒంటరి కొట్టు’ ఇంతకన్నా నిజాయితీ గలది. పాలకవర్గాలకు హింసను అందమైన పేరుతో పిలవడం కొత్త కాదు. ఆ పేరును మనం యథాతథంగా తీసుకుని కవిత్వం అల్లడమే ఆలోచించవలసిన విషయం.

‘మాలపల్లి’ రామదాసును తీసుకోండి. కొడుకు హత్యకు గురయ్యాడు. ఇల్లు పోయింది, భూమి పోయింది. కుటుంబం జైలుపాలయింది. ఇన్ని దెబ్బల మధ్యా రామదాసు వేదాంతిగా నిలబడతాడు. సుఖదుఃఖాలను సమంగా చూస్తాడు. మాలవాడలోని మనిషిని స్థితప్రజ్ఞుడిగా నిలబెట్టడం 1922లో ఎంత పెద్ద సాహసమో చెప్పనక్కరలేదు. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించిందంటే దాని బలం అర్థమవుతుంది. అయితే ఆ క్షణం నుంచే మన జైలు సాహిత్యంలో ఒక అచ్చు తయారైంది. బయట ఏం జరిగినా లోపల కదలనివాడే ఖైదీ అన్నది ఆ అచ్చు. తర్వాత కాలం మారింది, తత్వం మారింది. వేదాంతం స్థానంలో చారిత్రక భౌతికవాదం వచ్చింది. నిర్వికారత స్థానంలో ఉక్కు సంకల్పం వచ్చింది. అచ్చు మాత్రం మారలేదు. 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. అంతకు ముందు ఉరి ముహూర్తాలు నిర్ణయమై ఆగిపోయాయి. చావును రోజుల లెక్కన ఎదురుచూసి, అది వాయిదా పడి, మళ్ళీ ఎదురుచూసిన మనుషులు వాళ్ళు. మన కవిత్వం వాళ్ళ నిబ్బరాన్ని కీర్తించింది. కీర్తించవలసిందే. కాని ఆ వాయిదాల మధ్య రాత్రుల మాటేమిటి? వీరత్వం వర్ణించడానికి మనకు వంద ఉపమానాలు ఉన్నాయి. నిద్రలేని రాత్రిని వర్ణించడానికి ఒక్కటి లేకపోయింది.

ఒంటరి కొట్టు మనసును ఏం చేస్తుందన్నది ఊహకు వదిలేసిన సంగతి కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్‌పోల్ జైలు ఖైదీలను పరీక్షించి స్టూవర్ట్ గ్రాసియన్ అనే మానసిక వైద్యుడు 1983లో ఒక పరిశీలన ప్రకటించాడు. ఒంటరిగా ఉంచిన వాళ్ళకు చిన్న చప్పుడు కూడా భరించరానిదవుతుంది. ఉన్న వస్తువులు ఆకారం మారినట్టు కనిపిస్తాయి. లేని గుసగుసలు వినిపిస్తాయి. జ్ఞాపకం జారిపోతుంది. ఒక ఆలోచన మీద నిలవడం సాధ్యం కాదు. కారణం లేని భయం గొంతు పట్టుకుంటుంది. ఇవన్నీ బలహీనులకు వచ్చే జబ్బులు కావు. మనిషి మనసు సాటి మనిషి మాట మీద, వెలుగు మీద, కదలిక మీద ఆధారపడి నిలిచేది కనుక, అవి తీసేస్తే కలిగే ఫలితాలు. చైతన్యాన్ని నిర్ణయించేది సామాజిక ఉనికి అని నమ్మే మనం ఈ మాట అందరికన్నా ముందు ఒప్పుకోవాలి. సమాజం నుంచి పూర్తిగా కోసివేసిన మనిషి చైతన్యం చెక్కుచెదరదని చెప్పడం భౌతికవాదం కాదు. అది భావవాదం, రామదాసు వేదాంతానికే ఎర్రరంగు వేయడం.

అండమాన్ సెల్యులార్ జైలు చరిత్ర దీనికి సాక్ష్యం. అలీపూర్ బాంబు కేసులో శిక్షపడిన ఉల్లాస్కర్ దత్ అక్కడ 1912లో మతి చలించి పడిపోయాడు. తర్వాత ఆయనను మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించారు. అదే ఏడు ఇందుభూషణ్ రాయ్ తన కొట్లోనే ఉరిపోసుకున్నాడు. ఇద్దరూ ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్ళే. వాళ్ళ సంకల్పంలో లోపమేముంది? అండమాన్ వీరుల గురించి మనం విన్న ఉపన్యాసాల్లో గానుగ తిప్పిన వాళ్ళ పేర్లు, కొరడా దెబ్బలు తిన్న వాళ్ళ పేర్లు వస్తాయి. ఉల్లాస్కర్ మతి చలనం మాత్రం ఒక ఇబ్బందికరమైన వాక్యంగా వెళ్ళిపోతుంది.

చట్టానికి ఈ సంగతి తెలుసు. శిక్షాస్మృతి ప్రకారం కోర్టు విధించే ఒంటరి ఖైదు ఒక విడతకు 14 రోజులు మించరాదు. మొత్తం మూడు నెలలు దాటరాదు. 2023 నాటి భారతీయ న్యాయ సంహితలోనూ ఆ పరిమితులు అలాగే ఉన్నాయి. సునీల్ బాత్రా కేసులో 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఉన్న ధర్మాసనం, ఉరిశిక్ష పడ్డవాడిని కూడా క్షమాభిక్ష దాకా ఉన్న దారులన్నీ మూసుకుపోయే వరకు ఒంటరిగా వేయడానికి జైలు అధికారికి హక్కు లేదని చెప్పింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు వరసగా 15 రోజులు దాటిన ఒంటరి నిర్బంధాన్ని నిషేధించాయి. మరి జైళ్ళలో ఏళ్ళ తరబడి ఇది ఎలా సాగుతోంది? పేరు మార్చడం వల్ల. దాన్ని శిక్ష అనరు, భద్రత అంటారు. హై సెక్యూరిటీ బ్లాకు అంటారు. గుడ్డు ఆకారంలో కట్టిన ప్రహరీ లోపలి కొట్లను అండా సెల్ అంటారు. శిక్షకు గడువుంది, భద్రతకు గడువు లేదు.

అటువంటి అండా సెల్‌లోనే ఉన్నాడు అమలాపురంలో పుట్టిన సాయిబాబా. పోలియోతో చక్రాల కుర్చీకి పరిమితమైన అధ్యాపకుడు. 2014లో అరెస్టు చేశారు, 2017లో శిక్ష వేశారు. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషి అన్నది. అదే ఏడు అక్టోబర్ 12న హైదరాబాద్‌లో కన్నుమూశాడు. ఆయన జైలు ఉత్తరాలూ కవితలూ 2022లో ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చాయి. వాటి గురించి జరిగిన సభల్లో మనం ఎక్కువగా మాట్లాడింది ఆయన ఆశ గురించి. శరీరం ఎలా శిథిలమైందో కూడా మాట్లాడాం. తల్లి చనిపోతే చివరిచూపుకు పెరోలు నిరాకరించిన తర్వాత ఆ కొట్లో గడిపిన దినాలను ఒక సాహిత్య సమస్యగా చర్చించామా?

ఈ విషయంలో మన జైలు రచనల్లో సత్యానికి అందరికన్నా దగ్గరగా వెళ్ళింది వరవరరావు ‘సహచరులు’. ఒంటరి నిర్బంధంలో మొక్కలు, పక్షులు, ఉత్తరాలు, ములాఖత్ కోసం ఎదురుచూపు - ఇవి మనిషికి తోడు కావడం ఆ వ్యాసాల వస్తువు. పుస్తకం పేరే ఒక ఒప్పుకోలు. తోడు లేకుండా మనిషి నిలవడు, తోడును కల్పించుకుంటాడు. ఆ కల్పన వెనక ఉన్న ఆకలిని ఆ వ్యాసాలు దాచలేదు. అయితే ప్రతిసారీ రచన ఆ ఆకలిని తాకి, వెంటనే ఆశ వైపు మళ్ళుతుంది. ఆ మళ్ళడం నిజమైనదే. రాసేవాడు అలా మళ్ళబట్టే బతికాడు. విమర్శకుడు అడగవలసింది వేరు. మళ్ళలేని వాడి సంగతి ఎవరు రాస్తారు?

ఆ ప్రశ్న పుస్తకం దాటి జీవితంలోకి వచ్చింది. 2020 జులైలో, ఎనభయ్యో పడిలో అడుగుపెట్టబోతున్న అదే కవి తలోజా జైలు నుంచి ఫోనులో ఇంటివారితో మాట్లాడుతూ, దశాబ్దాల క్రితం జరిగిపోయిన తండ్రి అంత్యక్రియల గురించి అప్పుడే జరుగుతున్నట్టు మాట్లాడాడని కుటుంబం ప్రపంచానికి చెప్పింది. కారణాల్లో శారీరకమైనవి ఉన్నాయి, వయసు ఉంది, సకాలంలో అందని వైద్యం ఉంది. 2021 ఫిబ్రవరిలో వైద్య కారణాల మీద బెయిలు వచ్చింది. ఆ కుటుంబం ఆ మాట దాచుకోలేదు. మా మనిషి మాట తడబడుతోంది, వైద్యం కావాలని బాహాటంగా అడిగింది. తెలుగు జైలు సాహిత్యం నూరేళ్ళలో చేయడానికి జంకిన పనిని ఒక కుటుంబం పత్రికా సమావేశంలో చేసింది. చెదరడాన్ని అవమానంగా కాక అభియోగంగా ప్రకటించింది. మనం దాన్ని ఒక రాజకీయ వార్తగా చదివాం. సాహిత్య పాఠంగా చదవలేదు.

ఇంతవరకు చెప్పుకున్నది కలం చేతిలో ఉన్న ఖైదీల గురించి. కలం లేని వాళ్ళ మాట? మా పత్తి, మిరప నేలకు సంబంధించిన కేసే ఒకటి ఉంది. 1993 మార్చి 8న అప్పటి గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సును దోచుకోవడానికి ఎక్కిన ఇద్దరు దళిత యువకులు పెట్రోలు పోసి నిప్పంటించారు. 23 మంది కాలిపోయారు. ఆ ప్రాణాలను తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఆ ఇద్దరికి 1995లో గుంటూరు కోర్టు ఉరిశిక్ష వేసింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997 మార్చి 29 తెల్లవారుజామున ఉరి అని నిర్ణయమైంది. పౌరహక్కుల సంఘాలు ఆందోళన చేశాయి. కొద్ది గంటల ముందు సుప్రీంకోర్టు ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు.

ఆ రోజుల్లో వచ్చిన వ్యాసాలూ కరపత్రాలూ ఉరిశిక్ష పేదవాడికే ఎందుకు పడుతుందని అడిగాయి. కారంచేడు, చుండూరు హంతకుల్లో ఒక్కడికీ పడని ఉరి వీళ్ళకే ఎందుకని అడిగాయి. ఆ వాదన సరైనది, అవసరమైనది. అయితే వాదనలో ఆ ఇద్దరూ ఒక కులానికి, ఒక వర్గానికి ఉదాహరణలయ్యారు. రేపు తెల్లవారితే ఉరి అని తెలిసి ఆ సాయంత్రం కూర్చున్న మనుషులుగా నేను చదివిన ఏ కథలోనూ, ఏ నవలలోనూ కనిపించలేదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వారి ప్రాజెక్ట్ 39ఎ ఉరిశిక్ష పడిన 88 మంది ఖైదీలను పరిశీలించి 2021లో నివేదిక ఇచ్చింది. నూటికి అరవైకి పైగా మానసిక వ్యాధితో ఉన్నారని అది తేల్చింది. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు, మతి చలించిన ఖైదీకి ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చవచ్చన్నది. కోర్టు చూసిన చోటుకు కథకుడు ఇంకా చేరలేదు.

ఉరిశిక్ష దాకా పోనక్కరలేదు. 2022 లెక్కల్లో మన దేశపు ఖైదీల్లో నూటికి 75 మంది విచారణలో ఉన్నవాళ్ళే. నా దగ్గర పదో తరగతి చదివి, పై చదువుకు పోలేక పత్తితీతలకూ మిరపకోతలకూ వెళ్ళి, చివరకు మిర్చి టిక్కీలు మోసే పనిలో కుదురుకున్న ఒక కుర్రవాడు కొట్లాట కేసులో రిమాండుకు వెళ్ళాడు. లోపల గలాటా చేశాడని విడికొట్లో వేశారు. బయటికొచ్చిన ఏడాదికి నాతో అన్నాడు: “మొదట్లో నాలో నేను మాట్లాడుకునేవాణ్ణండి మాస్టారూ. తర్వాత్తర్వాత ఆ మాట్లాడేది ఎవరో నాకే తెలిసేది కాదండి. ఇప్పుడింట్లో తలుపేస్తే పడుకోలేను. కల్లంలో కాయల కాపలాకి నేనే పోతానంటాను. మా వాళ్ళు బాగా కష్టపడుతున్నాడనుకుంటారండి.” మంచు పడుతున్న మాఘమాసపు కల్లంలో ఎండుమిరప రాశి పక్కన పడుకునే ఆ మనిషిని చూసి ఊరంతా బుద్ధిమంతుడయ్యాడంటోంది. జైలు అతణ్ణి ఏం చేసిందో చెప్పే కథ మన సాహిత్యంలో ఏది?

ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల్లో ఈ దారి మొదలైంది. రాజకీయ ఖైదీగా ఉంటూ ఆయన చూపు తన మీద కాక చుట్టూ ఉన్న మామూలు నేరస్తుల మీద నిలిపాడు. వాళ్ళను నేరంలోకి నెట్టిన సమాజాన్ని పట్టుకున్నాడు. ఆ దారిలో తర్వాతి అడుగు, జైలు వాళ్ళను ఎందులోకి నెడుతుందో పట్టుకోవడం. ఆ అడుగు ఎందుకు పడలేదు?

నా సమాధానం ఇది. మన సాహిత్యంలో చాలా కాలంగా ఒక పంపకం జరిగిపోయింది. మనసు వాళ్ళ వాటాకు వెళ్ళింది, జైలు మన వాటాకు వచ్చింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ వంటి నవలలను మనం వ్యక్తివాదం, అంతర్ముఖత్వం అని పక్కన పెట్టాం. ఆ విమర్శలో నిజం కొంత ఉంది. కాని మనసు గురించి రాయడమే మధ్యతరగతి రోగమన్న అభిప్రాయం దానితోపాటే స్థిరపడింది. దాని ఫలితం జైలు సాహిత్యంలోనే కాదు, మా నేల మీద కూడా కనిపిస్తుంది. 1987-88లో తెల్లదోమ దెబ్బకు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. తర్వాత వచ్చిన కథల్లో అప్పు లెక్క ఉంది, నకిలీ మందు ఉంది, కమీషన్ ఏజెంటు మోసం ఉంది. డబ్బా మూత తీయడానికి ముందు పది రాత్రులు ఆ మనిషి తలలో ఏం జరిగిందో చెప్పినవి చాలా తక్కువ.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. ఖైదీ విరిగిపోవడాన్ని రాస్తే రాజ్యం కోరుకున్నదే జరిగినట్టు కాదా, ఉద్యమానికి నిరుత్సాహం కాదా అంటారు. ఈ ప్రశ్నకు ఫ్రాంట్జ్ ఫానన్ 1961లోనే జవాబిచ్చాడు. అల్జీరియా విముక్తి పోరాటంలో మునిగి ఉన్న ఆ వైద్యుడు తన చివరి పుస్తకంలో ఒక భాగమంతా వలస యుద్ధం తెచ్చిపెట్టిన మనోవ్యాధులకు కేటాయించాడు. హింస అనుభవించిన వాళ్ళ కేసులు రాశాడు. హింసించిన పోలీసు కేసు కూడా రాశాడు. దాని వల్ల పోరాటం బలహీనపడలేదు. శత్రువు నేరపట్టికలో ఒక కొత్త పద్దు చేరింది. విరగనివాడి కథ ఎంత గొప్పదైనా అందులో ఒక ప్రమాదముంది. అది చదివిన పాలకుడు ‘చూశారా, వాడికేం కాలేదు’ అనగలడు. విరిగినవాడి కథ ముందు ఆ మాట అనలేడు.

ఖైదీ రాయలేకపోతే మరొకరు రాయవచ్చు. చార్లెస్ డికెన్స్ 1842లో ఫిలడెల్ఫియా ఒంటరి జైలు చూడడానికి వెళ్ళాడు. ఆ జైలు కట్టిన వాళ్ళు దాన్ని గొప్ప సంస్కరణ అనుకున్నారు. ఆయన కొట్టు కొట్టుకూ తిరిగి ఖైదీల చేతులు చూశాడు, కళ్ళు చూశాడు. శరీరానికి పెట్టే ఏ చిత్రహింస కన్నా ఇది ఘోరమని తీర్మానించాడు. ఆయన ఖైదీ కాదు, విప్లవకారుడూ కాదు. చూడడం తెలిసిన నవలాకారుడు. మన యువ రచయితలు జైలుకు వెళ్ళనక్కరలేదు. జైలు నుంచి తిరిగొచ్చిన వాళ్ళు ప్రతి వాడలోనూ ఉన్నారు. వాళ్ళు వీరులు కాకపోవచ్చు, నిర్దోషులు కూడా కాకపోవచ్చు. వస్తువుకు ఆ అర్హతలు అవసరం లేదు.

చివరగా, మన జైళ్ళలో క్రమం తప్పకుండా తయారు కావలసిన ఒక రచన గురించి చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 103వ సెక్షన్ ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లో మానసిక వైద్య విభాగం ఉండాలంటుంది. మనోవ్యాధి ఉన్న ఖైదీలను అక్కడికి పంపాలంటుంది. మంచిదే. అదే సెక్షన్ జైలు వైద్యాధికారికి ఇంకో పని అప్పజెప్పింది. మూడు నెలలకొకసారి, ఈ జైల్లో మనోవ్యాధితో ఉన్న ఖైదీలెవరూ లేరని ధ్రువపరుస్తూ మానసిక ఆరోగ్య బోర్డుకు నివేదిక పంపాలి. ‘ఉన్నారా’ అని చట్టం అడగలేదు. ‘లేరు’ అని రాయమంది.

ఏడాదికి నాలుగుసార్లు రాయవలసిన ఆ ఒక్క వాక్యం, ఖైదీ మనసు గురించి రాజ్యం రాసుకునే సాహిత్యం. అందులో ఒక్క ఖైదీ కూడా చెదరలేదు. మనం నూరేళ్ళుగా, ఎంతో భిన్నమైన ఉద్దేశంతో, ఎంతో ఉన్నతమైన భాషలో రాస్తూ వచ్చిన జైలు సాహిత్యంలోనూ దాదాపు ఒక్క ఖైదీ కూడా చెదరలేదు. ఈ రెండు రచనలూ ఒకే మాట చెప్పడం యాదృచ్ఛికమని ఊరుకుందామా? ఆ ధ్రువపత్రానికి ఎదురు సాక్ష్యం రాయవలసింది మనం. అది రాసినప్పుడు మన ఖైదీ చిన్నవాడు కాడు. ఇంతకాలం మన పుస్తకాల బయట, కల్లంలో మంచుకు పడుకున్నవాడు మొదటిసారి లోపలికి వస్తాడు.